రక్త కాన్సర్ తర్వాత: నడక, నిబ్బరం

ఆసుపత్రి నుంచి చివరి ఇంజక్షను వేయించుకుని ఇంటికి వచ్చిన రోజును ఒకసారి ఊహించుకోండి. ఆరు నెలలో, ఏడాదో, పిల్లల లుకేమియా అయితే రెండేళ్లకు పైగానో సాగిన చికిత్స ముగిసింది. రక్తపరీక్షలు బాగున్నాయన్నారు. "ఇక మూడు నెలలకు వచ్చి కనిపించండి" అన్నారు డాక్టరు గారు. ఇంట్లో అందరికీ పండుగే. కాని ఆ మనిషికి మాత్రం మంచం దిగి పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కితే కాళ్లు వణుకుతాయి. పేపరు చదువుదామంటే రెండు వాక్యాలు దాటి మనసు నిలవదు. అర్ధరాత్రి గుండె దడదడలాడుతూ మెలకువ వస్తుంది, మళ్లీ వచ్చిందేమోనన్న భయం. "జబ్బు పోయిందన్నారు కదా, మరి నాకెందుకిలా ఉంది?" అని అడిగితే జవాబు చెప్పేవారు ఉండరు.

ఈ ప్రశ్న ఇంతమంది అడుగుతున్నారంటే అది ఒక విధంగా వైద్యశాస్త్రం సాధించిన విజయమే. 1948కి ముందు పసిపిల్లలకు లుకేమియా అంటే రోజులు లెక్కపెట్టుకోవడమే. ఆ ఏడాది జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. ఆ మందును తయారుచేసి ఇచ్చిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే ఆయన కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను లుకేమియా పిల్లలకు నేటికీ ఇస్తున్నారు. ఇప్పుడు సంపన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో సుమారు 90 శాతం మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర మరో రకం లుకేమియాను రోజూ మాత్ర వేసుకుంటూ నెట్టుకొచ్చే జబ్బుగా మార్చివేసింది. మన దేశంలో ఎముక మూలుగ మార్పిడి 1983లో అప్పటి బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది. చికిత్స ముగిసిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించడానికి అదే ఆసుపత్రి 1991లో ప్రత్యేకంగా ఒక క్లినిక్ తెరిచింది. బతికేవారు పెరిగినకొద్దీ బతికాక ఏమిటన్న ప్రశ్న ముందుకొచ్చిందన్నమాట.

ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇస్తున్న జవాబులో రెండు పాళ్లు ఉన్నాయి. ఒకటి, ఒళ్లు కదిలించడం. రెండు, మనసును సంబాళించుకునే కొన్ని నేర్పులు. రెండూ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కాని మన ఇళ్లలో జరిగేది చాలావరకు దీనికి సరిగ్గా వ్యతిరేకం.

అలసట వేరు, నీరసం వేరు

ఇంగ్లీషులో ఫటీగ్ అని ఒక్క మాట ఉంది. అనువాదం చేసేటప్పుడు ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెలుగులో అలసట ఉంది, బడలిక ఉంది, నీరసం ఉంది, నిస్సత్తువ ఉంది. పొలం పనిచేసి వచ్చినవాడిది అలసట. పడుకుని లేస్తే పోతుంది. రాత్రంతా బస్సులో కూర్చుని వస్తే బడలిక. వేడినీళ్లు పోసుకుని, నాలుగు ముద్దలు తిని కునుకు తీస్తే తీరిపోతుంది. కాన్సర్ చికిత్స పొందినవారు చెప్పేది ఈ రెండూ కాదు. వారిది నీరసం, నిస్సత్తువ. చేసిన పనికీ దానికీ పొంతన ఉండదు. పన్నెండు గంటలు పడుకుని లేచినా లేచినప్పుడే ఒంట్లో సత్తువ ఉండదు. వైద్యులు ఈ నీరసానికి ఇచ్చే నిర్వచనంలోనే విశ్రాంతితో తీరనిది అన్న సంగతి ఉంది.

చిక్కల్లా ఇక్కడే. అలసటకు మందు విశ్రాంతి. ఆ మందునే మనం నీరసానికీ వాడతాం.

నీరసానికి కారణం ఒక్కటి కాదు. ముందుగా చూడవలసినవి, మందుతో సరిదిద్దగలిగినవి కొన్ని ఉన్నాయి: రక్తహీనత, థైరాయిడ్ లోపం, దాగివున్న ఇన్ఫెక్షను, నిద్రలేమి, నొప్పి, మానసిక కుంగుబాటు. ఇవేవీ లేవని తేలాక కూడా నీరసం మిగిలి ఉంటుంది. జబ్బు వల్లా, చికిత్స వల్లా శరీరంలో వాపును రేకెత్తించే సైటోకైన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు కాళ్లూ చేతులూ లాగేసి, ఏ పనీ చేయబుద్ధి కాకుండా చేసేవి ఇవే. ఫ్లూలో నాలుగు రోజుల్లో తగ్గిపోతాయి, ఇక్కడ నెలల తరబడి ఉండిపోవచ్చు. దీనికి తోడు వాడకం లేని కండ అరిగిపోతుంది.

మంచం తినేసే సత్తువ

కండ ఎంత త్వరగా అరుగుతుందో తెలియాలంటే అమెరికాలోని డాలస్‌లో 1966లో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. జబ్బు లేదు, మందు లేదు, కేవలం పడక. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద పరీక్షిస్తే, గరిష్ఠంగా ఆక్సిజన్‌ను వాడుకోగల శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. కండలే కాదు, గుండె కొట్టుకునే ప్రతిసారీ బయటకు నెట్టే రక్తం కూడా తగ్గిపోయింది. కథ అక్కడితో ఆగలేదు. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. యాభై ఏళ్ల వయసులో వారి శక్తి తగ్గింది, నిజమే. కాని 30 ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది!

ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుల సంగతే అది. ఇప్పుడు అరవై ఏళ్ల మనిషిని, ఆరు విడతల కీమోథెరపీ తర్వాత, ప్రేమతో మంచానికి అప్పగిస్తే ఏమవుతుంది?

మా మేనమామ గారింట్లో అదే చూశాను. ఆయన రిటైరైన బడిపంతులు, లింఫోమాకు చికిత్స పూర్తిచేసుకుని ఇంటికొచ్చారు. "ఏమండీ, మీరు లేవకండి, మేమున్నాం కదా" అని మా అత్తయ్య మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చేది. చూడవచ్చిన ప్రతివారూ "రెస్టు తీసుకోండి మాస్టారూ" అని చెప్పి వెళ్లేవారు. రెండు నెలలు గడిచేసరికి ఆయన ఒకరోజు పాయిఖానాలో కూర్చుని లేవలేకపోయారు. తలుపు గడియ విరగ్గొట్టి బయటికి తీసుకురావలసి వచ్చింది. "ఏరా, జబ్బు పోయిందంటారు, మరి కాళ్లు కూడా పోయాయేమిట్రా?" అని నన్నడిగారు. జబ్బు తీసుకుపోయినవి కావవి. కొంత మందులు తీసుకున్నాయి, మిగిలింది మంచం తీసుకుంది.

మందులు వదిలివెళ్లే గుర్తులు

రక్త కాన్సర్లకు వాడే మందులు ఒక్కొక్కటి ఒంటిమీద ఒక్కో రకం గుర్తు వదులుతాయి. వ్యాయామం మొదలుపెట్టే ముందు ఇవి తెలిసి ఉండాలి.

ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు తొడల కండలను, తుంటి చుట్టూ ఉన్న కండలను ముందుగా కరిగిస్తాయి. మా మావయ్యకు జరిగింది అదే. చదునైన నేల మీద నడవగలరు కాని కింద కూర్చుంటే లేవలేరు. ఇవే స్టెరాయిడ్లు కొందరిలో తుంటి కీలు ఎముకకు రక్తసరఫరా దెబ్బతీస్తాయి. నడుస్తుంటే గజ్జల్లో నొప్పి వచ్చి రోజురోజుకీ పెరుగుతుంటే పంటి బిగువున నడవకూడదు, చూపించుకోవాలి.

విన్‌క్రిస్టీన్‌ను మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు మొక్క నుంచే తీస్తారు. అది కాన్సర్ కణం విభజన చెందకుండా అడ్డుపడుతుంది. కాని నరాలకూ తగులుతుంది. పాదాలు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, పాదం ముందుభాగం లేవక తట్టుకుని పడిపోవడం దీని లక్షణాలు. ఇలాంటివారు చెప్పులు లేకుండా నడవకూడదు, చీకట్లో నడవకూడదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే సాధన వీరికి నడక కన్నా ముందు అవసరం.

డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది. మోతాదు పెరిగినకొద్దీ అది గుండె కండను బలహీనపరచవచ్చు, ఆ ప్రభావం కొందరిలో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే ఆ మందు తీసుకున్నవారు వ్యాయామం పెంచేముందు ఎకో పరీక్ష సంగతి డాక్టరును అడగాలి.

మైలోమాలో చిక్కు మందు కన్నా జబ్బుతోనే. అది ఎముకలను తొలిచి బోలుగా చేస్తుంది. ముఖ్యంగా వెన్నుపూసలు బలహీనపడతాయి. మైలోమా ఉన్నవారు నిండు బిందె ఎత్తడం, నడుము వంచి మెలితిప్పడం, కుదుపులతో దూకడం చేయకూడదు. వీరికి నడక మంచిదే. కాని ఏ ఎముక ఎంత దెబ్బతిన్నదో తెలిసిన వైద్యుడు చెప్పాకే బరువులతో వ్యాయామం. నడుంనొప్పి హఠాత్తుగా పెరిగి కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం బిగిసినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, మర్నాటిదాకా ఆగకూడదు.

సైకిలు తొక్కిన రోగులు

కాన్సర్ రోగికి వ్యాయామమా అని వైద్యులే ఆశ్చర్యపడిన కాలం మరీ దూరంలో లేదు. 1990లలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫెర్నాండో డిమియో, ఆయన సహచరులు ఆ అనుమానాన్ని పరీక్షకు పెట్టారు. మూలుగ మార్పిడి అయి కొన్ని వారాలే గడిచినవారిని ట్రెడ్‌మిల్ మీద ఆరు వారాలు నడిపించి చూశారు. తర్వాత మరింత సాహసం చేశారు. తీవ్రమైన కీమోథెరపీ పొందుతూ ఆసుపత్రి మంచం మీద ఉన్నవారికి, పడుకునే తొక్కగలిగే సైకిలు అమర్చారు. ఒక నిమిషం తొక్కడం, ఒక నిమిషం ఆగడం, అలా రోజుకు పదిహేను సార్లు. 1997లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, తొక్కినవారిలో శక్తి నష్టం తొక్కనివారిలో కన్నా స్పష్టంగా తక్కువ.

కెనడాలోని ఆల్బర్టాలో కెరీ కోర్నేయా బృందం 122 మంది లింఫోమా రోగులను చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేసింది. ఒక జట్టు పన్నెండు వారాల పాటు శిక్షకుల కళ్లెదుట సైకిలు తొక్కింది. రెండో జట్టు మామూలుగానే ఉంది. 2009లో ప్రకటించిన ఫలితాల్లో సైకిలు జట్టుకు దైనందిన పనులు చేసుకునే శక్తి పెరిగింది, నీరసం తగ్గింది, దిగులు కూడా తగ్గింది. కొందరు అప్పటికింకా కీమోథెరపీలోనే ఉన్నారు. వారి చికిత్సకు వ్యాయామం అడ్డు రాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2011లో హైడెల్‌బర్గ్ నుంచి వచ్చిన పరిశోధన. యోఆకిమ్ విస్కెమాన్ బృందం, దాత మూలకణాలు ఎక్కించుకున్న 105 మందితో దీన్ని చేసింది. వ్యాయామం ఆసుపత్రిలో చేరడానికి ముందే ఇంటిదగ్గర మొదలైంది, ఆసుపత్రిలో సాగింది, ఇంటికి వచ్చాక మరికొన్ని వారాలు నడిచింది. చాలాభాగం రోగులు తమంతట తామే చేసుకున్నారు. ఇందులో తెలివైన ఏర్పాటు ఒకటుంది. వ్యాయామం లేని జట్టును కూడా పరిశోధకులు అంతే తరచుగా పలకరించారు, వారికీ అడుగులు లెక్కపెట్టే పరికరాలు ఇచ్చారు. ఎందుకంటే ఒకరు వచ్చి పలకరిస్తేనే రోగికి సగం నీరసం పోవచ్చు కదా! అంత పలకరింపు రెండు జట్లకూ సమానంగా దక్కినా, వ్యాయామం చేసినవారి నీరసమే ఎక్కువ తగ్గింది.

2017లో అమెరికా పరిశోధకులు అన్ని రకాల కాన్సర్ల మీద జరిగిన 113 ప్రయోగాలను, 11 వేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి చూశారు. నీరసానికి వ్యాయామం, మానసిక శిక్షణ పనిచేసినంతగా మందులు పనిచేయలేదు.

మరి వ్యాయామం చేస్తే రక్త కాన్సర్ తిరిగి రాకుండా ఉంటుందా? ఈ మాట కొందరు ధైర్యంగా చెప్పేస్తుంటారు. నేను చెప్పను. 2025లో పెద్దపేగు కాన్సర్ రోగుల మీద వచ్చిన ఫలితాల్లో, మూడేళ్లు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవారిలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. 889 మందితో జరిగిన మంచి ప్రయోగం అది. కాని పేగు వేరు, మూలుగ వేరు. రక్త కాన్సర్లలో వ్యాయామం ఆయుర్దాయాన్ని పెంచుతుందనడానికి అలాంటి రుజువు లేదు. నీరసం, దిగులు తగ్గుతాయి, సొంతపనులు చేసుకునే శక్తి వస్తుంది. అది మాత్రం చెప్పవచ్చు.

ఎంత చేయాలి?

నిపుణుల బృందం ఒకటి అమెరికాలో 2018లో సమావేశమై, మరుసటి సంవత్సరం ప్రకటించిన సలహా ఇది: వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు, మధ్యస్థమైన జోరుతో నడక లాంటి వ్యాయామం. దానితోపాటు వారానికి రెండుసార్లు కండబలం పెంచే వ్యాయామం. ఇలా రెండు మూడు నెలలు.

ఇది చదివి భయపడకండి. ఇది చేరవలసిన చోటు, బయలుదేరవలసిన చోటు కాదు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. అదీ లేకపోతే వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు. కండబలానికి కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం. మా మావయ్యకు ఫిజియోథెరపిస్టు చెప్పింది ఇదొక్కటే. మొదటిరోజు కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచితే తప్ప లేవలేకపోయారు. వారానికో దిండు తీసేయమన్నారు.

జోరు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ కనిపెట్టిన కొలబద్ద ఒకటుంది. అది 6 దగ్గర మొదలై 20 దగ్గర ముగుస్తుంది. ఇదేం లెక్క అనిపిస్తుంది! ఆరోగ్యవంతుడి గుండె విశ్రాంతిలో నిమిషానికి 60 సార్లు, గట్టిగా శ్రమిస్తే 200 సార్లు దాకా కొట్టుకుంటుంది. చివరి సున్నా తీసేస్తే 6 నుంచి 20. "ఎంత కష్టంగా ఉంది?" అని తనను తాను ప్రశ్నించుకుని అంకె చెప్పడమే. మనకు కావలసింది 11 నుంచి 13, అంటే తేలికకూ కొంచెం కష్టానికీ మధ్య. అంకెలు నచ్చనివారికి ఇంకో దారి: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఆగవలసిన రోజులూ ఉంటాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే ఆ రోజు వ్యాయామం లేదు, వెంటనే ఆసుపత్రికి కబురు చేయాలి. ప్లేట్‌లెట్లు 20 వేలకన్నా తక్కువ ఉంటే ఇంట్లో మెల్లగా తిరగడం వరకే పరిమితం కావాలని చాలాచోట్ల చెబుతారు. 50 వేలు దాటేదాకా బరువులు వద్దంటారు. ఈ హద్దులు ఆసుపత్రిని బట్టి కొంత మారతాయి, కనుక మీ డాక్టరు చెప్పిన అంకెనే పాటించండి. హీమోగ్లోబిన్ 8కి దిగినప్పుడు, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా ఆయాసం ఉన్నప్పుడు ఆగిపోవాలి.

మన వాతావరణానికి, మన అలవాట్లకు సంబంధించినవి కొన్ని కలుపుతాను. దాత మూలకణాలు ఎక్కించుకున్నవారిలో రోగనిరోధక శక్తి తిరిగి నిలదొక్కుకోవడానికి ఏడాదో అంతకుమించో పడుతుంది. ఆ లోపు గడ్డివాము దగ్గర, ధాన్యం తూర్పారపట్టే కళ్లంలో, పాత గోడలు పడగొట్టేచోట తిరగకూడదు. ఆ దుమ్ములో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకం. వీరికి ఎండ కూడా మంచిది కాదు. దాత కణాలు చర్మం మీద దాడిచేసే జబ్బును అది రెచ్చగొడుతుంది. కనుక పొద్దు పొడిచేలోపు నడక. చెరువులో ఈత వద్దు. యోగా చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. శ్వాస మీద దృష్టిపెట్టడం, తేలికపాటి ఆసనాలు మంచివే. శీర్షాసనం, బాగా ముందుకు వంగే ఆసనాలు మైలోమా ఉన్నవారికీ, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారికీ పనికిరావు.

ఆడవారి విషయంలో ఇదంతా తిరగబడుతుంది. మావయ్యను మంచం దిగనివ్వని ఇల్లే, అత్తయ్యకు జబ్బు చేసి ఉంటే పదోరోజుకల్లా పొయ్యి ముందు నిలబెట్టేది. వంటింట్లో నాలుగు గంటలు నిలబడటం వ్యాయామం కాదు. కండను పెంచదు, మనిషిని అలసటతో కూలదోస్తుంది. ఇంట్లో ఆడవారు చికిత్స నుంచి కోలుకుంటుంటే, వారి నడకకు అరగంట ఖాళీ చేయవలసింది మిగతావారు.

"ధైర్యంగా ఉండు" అంటే సరిపోదు

ఇక మనసు సంగతి. ఇంగ్లీషులో కోపింగ్ అనే మాటకు తట్టుకోవడం అని రాస్తే పళ్లు బిగబట్టి ఊరుకోవడం అన్న అర్థం వస్తుంది. నెగ్గుకురావడం అంటే యుద్ధంలా ఉంటుంది. సంబాళించుకోవడం దగ్గరగా ఉంది. రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1984లో ఈ సంబాళింపును రెండుగా విడదీశారు: సమస్యను మార్చే ప్రయత్నం ఒకటి, సమస్య వల్ల కలిగే అలజడిని అణచుకునే ప్రయత్నం ఒకటి. ఆసుపత్రికి వెళ్లే దారిఖర్చులు, నిద్రవేళలు, ఎవరికి ఏం చెప్పాలన్నవి మార్చగలిగే సమస్యలు. రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూపు మార్చలేనిది. ఒకదానికి వాడవలసిన పద్ధతి రెండోదానికి వాడితే శ్రమే మిగులుతుంది.

మనవాళ్లు రోగికి చెప్పే మాట "ధైర్యంగా ఉండు". అది ఆజ్ఞే కాని, ఎలా ఉండాలో చెప్పే విద్య కాదు. ఆ విద్యను పాఠాలుగా మలచినవారిలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సిస్ కీఫ్ ఒకరు. మొదట కీళ్లనొప్పులవారికి నొప్పిని సంబాళించుకునే శిక్షణగా మొదలైనది, తర్వాత కాన్సర్ రోగులకూ, మూలుగ మార్పిడి అయినవారికీ చేరింది.

ఆ పాఠాల్లో ముఖ్యమైనది గడియారం చూసి పనిచేయడం. కోలుకునేవారి జీవితం ఎలా సాగుతుందో గమనించండి. ఒకరోజు కాస్త హుషారుగా ఉంటుంది. ఆగిపోయిన పనులన్నీ ఆ రోజే చేసేస్తారు. మర్నాడు, ఆ మర్నాడు మంచం. మళ్లీ హుషారు వచ్చేదాకా భయం. దీనికి విరుగుడు, ఓపిక అయిపోయాక ఆగడం కాదు, అయిపోకముందే ఆగడం. పదిహేను నిమిషాలు పని, పది నిమిషాలు విశ్రాంతి అని ముందే రాసుకుని, హుషారుగా ఉన్నా సరే పదిహేనో నిమిషంలో ఆపేయాలి. చేతకాని రోజున కూడా కొంతైనా చేయాలి. వారం వారం పని నిమిషాలు రెండు మూడు పెంచుకుంటూ పోవాలి.

మరొకటి కండలను సడలించడం. 1929లోనే షికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ దీని గురించి పుస్తకం రాశాడు. పిడికిలి ఐదు సెకన్లు బిగించి, వదిలేసి, ఆ వదులుదనం ఎలా ఉందో పావు నిమిషం గమనించడం. తర్వాత ముంజేయి, భుజం, ముఖం, కడుపు, తొడలు, పాదాలు. నిద్ర పట్టనివారికి ఇది ఉపకరిస్తుంది. మైలోమా ఉన్నవారు వీపు కండలను గట్టిగా బిగించకపోవడం మంచిది.

మూడోది ఆలోచనను కాగితం మీద పెట్టడం. "కాలు లాగుతోంది, అంటే మళ్లీ వచ్చింది." ఈ వాక్యంలో సగం సంగతి, సగం ఊహ. సంగతి ఏమిటి? కాలు లాగుతోంది. నిన్న ఎంత నడిచాను? క్రితం వారం కూడా ఇలా అనిపించి పోయిందా? ఇలా విడదీసి రాస్తే భయం పూర్తిగా పోదు కాని దాని కొలత తెలుస్తుంది. అయితే ఊహ కానివి కొన్ని ఉన్నాయి, వాటిని సంబాళించుకోకూడదు, డాక్టరుకు చెప్పాలి: జ్వరం, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో కొత్తగా గడ్డ, పక్క తడిసిపోయేలా రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, చర్మం మీద ఎర్రటి చుక్కలు, ఆగని రక్తం. ఈ జాబితా గోడకు అంటించుకుంటే, అందులో లేనివాటి గురించి రాత్రులు మేల్కొనడం కొంత తగ్గుతుంది.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బతకాలనిపించకపోతే అది నేర్పులతో తీరేది కాదు, చికిత్స కావాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

వెంట నడిచే మనిషి

ఇదంతా కాగితం మీద రాసిచ్చి పంపితే సరిపోదా? సరిపోదు. మా మావయ్యకు కూడా మొదట ఒక ఆసుపత్రిలో వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఇచ్చారట, అది మందుల సంచిలోనే ఉండిపోయింది. చేయగలనన్న నమ్మకం లేని పని మనిషి మొదలుపెట్టడు. ఆ నమ్మకాన్ని అధ్యయనం చేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పినదాని ప్రకారం, దానికి అన్నిటికన్నా బలమైన ఆధారం పొగడ్త కాదు, ఉపన్యాసం కాదు, తాను చేసి నెగ్గిన ఒక చిన్న పని.

శిక్షకుడు చేసేది ఆ చిన్న పనిని సరైన కొలతకు కత్తిరించడం. వారానికోసారి, చాలావరకు ఫోనులోనే, పది పదిహేను నిమిషాలు మాట్లాడతారు. ఆ మాటల తీరు ఇలా ఉంటుంది:

"ఈ వారం ఏం చేయగలననుకుంటున్నారండీ?"

"రోజూ అరగంట నడుద్దామనుకుంటున్నానమ్మా."

"చేయగలనన్న నమ్మకం పదికి ఎంత?"

"నాలుగు."

"ఎంత తగ్గిస్తే ఎనిమిది అవుతుంది?"

"పది నిమిషాలైతే చేసేస్తాను."

"ఏ వేళప్పుడు?"

"పాలు తెచ్చేటప్పుడు."

గమనించారా? ఆజ్ఞ ఒక్కటీ లేదు. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యపాన వ్యసనపరుల కోసం రూపొందించడం మొదలుపెట్టిన సంభాషణ పద్ధతి ఇది. చెప్పించుకున్న పని కన్నా తన నోటితో తాను చెప్పిన పని మనిషి ఎక్కువ చేస్తాడన్నది దాని పునాది. మన దగ్గర కాన్సర్ రోగుల కోసమే పనిచేసే ఫిజియోథెరపిస్టులు పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లోనే ఎక్కువ. చికిత్సకు హైదరాబాదో విశాఖపట్నమో వెళ్లి వచ్చిన రైతుకు వారం వారం వెళ్లడం కుదరదు. కాని ఫోను కుదురుతుంది. మొదటి పరీక్ష, హద్దులు నిర్ణయించడం వైద్యుడి పని. వారం వారం అడిగే పనిని ఇంట్లో ఒకరు, పై ప్రశ్నలు నేర్చుకుని, చేయగలరు. కూతురో మనవడో అయితే మరీ మంచిది. భార్యాభర్తల మధ్య అది తొందరగా పోట్లాటలోకి దిగుతుందని నా అనుభవం.

మావయ్యకు అలా అడిగే పని తొమ్మిదో తరగతి చదివే మనవరాలికి అప్పగించాం. ఒక పాత నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసింది: తేదీ, నిమిషాలు, బోర్గ్ అంకె, రాత్రి నిద్ర. మొదటి పేజీలో సగం రోజులు సున్నాలే. నాలుగో వారంలో ఒక దిండు పోయింది, ఆరో వారంలో రెండోది. పాయిఖానాలో పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ ఒకటి బిగించాం, అది ఇప్పటికీ ఉంది. ఆర్నెల్ల పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూశాక, ఆ నోటుపుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, "ఈ వారం నిద్ర ఎందుకు తగ్గింది?" అని అడిగారు. అది పరీక్ష ముందు వారం.